నయాపూల్ చౌకీలో మూడో మనిషి

నడిబజారులో తుపాకీ పట్టుకున్న మనిషి ఒకడు మిమ్మల్ని ఆపి, మీ పక్కనున్న స్త్రీ మీ భార్యేనని రుజువు చేయమంటే మీరేం చూపిస్తారు?

తాళి చూపిస్తామంటారు. తాళి ఎవరైనా కట్టుకోవచ్చు. సాక్షులను పిలుస్తామంటారు. సాక్షులు ఊళ్ళో ఉంటారు, మీరు పట్నంలో ఉంటారు. ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేని రోజు ఒకటి వచ్చింది. నా బదులు మరొకరు జవాబు చెప్పారు. ఆ చెప్పినదెవరో నేను ఇప్పటికీ తేల్చలేకపోయాను.

ముందు నా పక్షం చెప్పాలి. నేను దయ్యాలను నమ్మినవాణ్ణి కాదు. కాలేజీ చర్చాసభలో దయ్యాలు లేవన్న పక్షాన మాట్లాడి గెలిచినవాణ్ణి. మా ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందంటే చూసినవాళ్ళను కూర్చోబెట్టి అడిగేవాణ్ణి: ఎంత దూరం నుంచి చూశావు, వెలుతురు ఎటువైపు ఉంది, అంతకుముందు ఎవరి నోట ఏం విన్నావు? మూడో ప్రశ్న దాకా నిలిచిన దయ్యం ఒక్కటీ నాకు ఎదురుపడలేదు.

ఇప్పుడు రాయబోయే సంగతిని కూడా అవే ప్రశ్నలు అడిగాను. ఇది నిలిచింది.

నిజాం మీద పోలీసు చర్య జరిగిన ఏటి చలికాలం. మాది నల్గొండ జిల్లా చిట్యాల దగ్గరి పల్లె. రజాకార్లు పోయారు, సైన్యం వచ్చింది. కమ్యూనిస్టుల సంఘం దళాలు ఇంకా గుట్టల్లోనే ఉన్నాయి. వాళ్ళ కోసం సైన్యం పల్లెలను జల్లెడ పడుతోంది. అప్పటిదాకా రజాకార్ల గుర్రాల చప్పుడుకు భయపడిన మేము, 'మీది ఏ జిల్లా' అన్న ప్రశ్నకు భయపడటం కొత్తగా నేర్చుకుంటున్నాం. నల్గొండ అన్న మాటే ఒక నేరారోపణ.

నేను ఏ దళంలోనూ లేను. సంఘం వాళ్ళ సభల్లోనూ లేచి ప్రశ్నలు అడిగేవాణ్ణి కనుక వాళ్ళకూ నేను నచ్చలేదు.

నా భార్య కొమురమ్మ. పక్క ఊరి గొల్లవారి ఆడపిల్ల, గొర్రెల మంద వెనక నడిచి పెరిగినది. మేము కాపులం. కులం చూడకుండా పెళ్ళాడాలన్నది నా సిద్ధాంతం. కొమురమ్మను చూశాక సిద్ధాంతం అవసరం కూడా లేకపోయింది.

మా అమ్మ ఒప్పుకోలేదు. ఆమెతో నేను చాలాకాలం వాదించాను. నా వాదాలన్నిటికీ ఆమె దగ్గర ఒకే సమాధానం ఉండేది: "నా పాణం ఉన్నంతదాంక నా నోట దాన్ని కోడలనను." అన్న మాట మీద నిలబడే మనిషి. పెళ్ళికి రాలేదు, మా అన్న దగ్గరే ఉండిపోయింది. పెళ్ళి మాట ఎత్తిన నాటి నుంచి నన్ను కూడా ఏ పేరుతోనూ పిలవలేదు.

పోలీసు చర్యకు ముందటి ఎండాకాలంలో, రజాకార్ల భయానికి ఊరంతా చేలల్లో తలదాచుకున్నప్పుడు, అమ్మ ఒక చొప్ప గుడిసెలో జ్వరంతో పడింది. దగ్గరుండి నీళ్ళు తాగించింది కొమురమ్మే. అమ్మ తాగింది గాని వరస పెట్టి పిలవలేదు. 'ఓ పిల్లా' అనేది, అదీ అటు తిరిగి. కొమురమ్మ చెయ్యి తనకు తగలకుండా ముంతను కింద పెట్టించి అందుకునేది. చివరి రోజు కూడా అంతే. చిన్నకొడుకును కనుక ఆమె చితికి నిప్పు పెట్టింది నేనే. ఈ ఒక్క వాక్యాన్ని దయచేసి గుర్తుంచుకోండి.

మా పెళ్ళికి ఊరేగింపు లేదు, విందు లేదు. కొమురమ్మ ఏదీ అడగలేదు. ఒక్క రోజు పట్నం చూపించమంది, నేను చదువుకున్న పట్నం. పట్నంలో బండి ఎక్కొద్దంది. బండెక్కితే ఊరు ఉరుకుతుందట, కళ్ళకు ఆనదట. అందుకని గౌలిగూడలో బస్సు దిగి నడక మొదలుపెట్టాం. వాళ్ళ నాయిన ఇచ్చిన గొంగడి ఆమె భుజం మీద ఉంది. పొద్దున చలికి అది మంచిదే అనిపించింది. దళాల వాళ్ళు కప్పుకునేదీ గొంగడే అన్న ఆలోచన నాకు రాలేదు.

నయాపూల్ మీద, మూసీ పైన నిలబడి, ఇక్కడ మనల్ని ఎరిగినవాళ్ళు లేరు, ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలువు అన్నాను. మా వైపు ఆడవాళ్ళు భర్త పేరు పలకరు. పలికితే అతని ఆయుష్షు తరుగుతుందని నమ్మకం. దాని మీద కూడా నేను కాలేజీలో ఉపన్యసించి ఉన్నాను.

"పేరు వెట్టి పిలువనీకి నువ్వేమన్న మేకవా?" అంది కొమురమ్మ. "మా మేకలు పేరు వెట్టి పిలిస్తెనే వస్తయ్. నువ్వు పిలువకున్న వస్తవ్."

నా పేరు ప్రభాకర్ అనీ, అంటే సూర్యుడనీ చెప్పాను. ఆమె తలెత్తి, మంచులో మసకగా ఉన్న పొద్దును చూసి, గీయనేనా అని నవ్వింది. ఆ రోజు ఆమె మనసారా నవ్వడం అదే చివరిసారి.

నేను ఎరిగిన పట్నం అది కాదు. దుకాణాల తలుపులు సగమే తెరిచి ఉన్నాయి. మేము దాటుతుంటే మాటలు ఆగిపోయేవి. కొన్ని గల్లీల్లో మమ్మల్ని చూసి కిటికీలు మూసుకున్నారు. ఆ ముసల్మాను కుటుంబాలను నేను తప్పుపట్టను. జిల్లాల నుంచి ప్రాణాలు దక్కించుకొని వచ్చిన బంధువులు ఆ కిటికీల వెనకే ఉన్నారు. అటు మా వాళ్ళు కొందరు గెలిచినవాళ్ళ లాగా ఛాతీలు విరుచుకొని తిరుగుతూ, గొంగడి వేసుకున్న పల్లెటూరి మనిషిని చూసి ఉమ్మేస్తున్నారు. నిన్న భయపెట్టినవాళ్ళూ నిన్న భయపడినవాళ్ళూ చోట్లు మార్చుకున్నారు. చూపులు మాత్రం మారలేదు.

పత్తర్‌గట్టి దగ్గర ఒక హోటల్లో, ఆడవాళ్ళ కోసం పరదా కట్టిన గదిలో కూర్చున్నాం. తెల్లగడ్డం మనిషి చాయ్ తెచ్చాడు. మూడు కప్పులు. మూడోదాన్ని కొమురమ్మ పక్కన ఖాళీగా ఉన్న చోట పెట్టాడు. మేమిద్దరమే అన్నాను. అతడు ఆ ఖాళీ చోటును చూశాడు, తర్వాత నన్ను అసహ్యంగా చూశాడు, కప్పు తీసుకుపోయాడు. బయట ఇంకొకరితో ఉర్దూలో అంటున్నాడు, పెద్దామెను నోరెండబెట్టి తాము తాగే జాతి ఇది అని. ఉర్దూ నాకు బాగా వచ్చు. పక్క బల్ల వాళ్ళను అంటున్నాడనుకున్నాను. బయటికి వస్తూ చూస్తే పక్క బల్ల దగ్గర ఎవరూ లేరు.

చార్మినార్ పైకి ఎక్కనివ్వలేదు, కింద సిపాయిలున్నారు. కొమురమ్మ మెడ వెనక్కి వాల్చి చాలాసేపు చూసింది. "గింత ఎత్తు మంచె కట్టిండ్రంటె ఎంత పెద్ద చేను గాసిండ్రో" అంది. ఒక సిపాయి తుపాకీ మడమతో మా వైపు సైగ చేశాడు. కదిలాం.

లాడ్ బజారులో గాజులు వేయించాలనుకున్నాను. పెళ్ళయ్యాక కోడలికి అత్త గాజులు వేయించడం మా ఇంటి పద్ధతి. ఆ పని జరగలేదు, నేనైనా చేస్తానన్నాను. గాజులాయన కొమురమ్మ చేతికి సబ్బు నీళ్ళు రాసి, మొదటి గాజు వేళ్ళ దాకా ఎక్కించి, ఆగిపోయాడు. ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు. గాజు తీసేసి, చెయ్యి గుడ్డతో తుడిచి, పెట్టె మూశాడు.

"ఇంటి పెద్దామె మూతి ముడుసుకొని నిలవడ్డంక నేను గాజులు వెడితె మంచిగుండదు. ఆమెను ఒప్పిచ్చుకొని రాండ్రి," అన్నాడు.

ఏ పెద్దామె అని నిలదీశాను. అతడు పెట్టెను ఇంకా వెనక్కి జరిపాడు. పల్లెల వాళ్ళ మీద కసి, పైకి చెప్పలేక ఏదో సాకు అనుకున్నాను. ఆ రోజు అందరి ముఖాల్లోనూ కసి ఉంది కనుక, దీనికి మరో కారణం వెతకాల్సిన పని కనబడలేదు.

మక్కామసీదు వైపు నడుస్తుంటే కొమురమ్మ మాటిమాటికి ఆగుతోంది. ఎందుకని అడిగితే, వెనకబడ్డదాన్ని రానీ అంది. అన్న తర్వాత తనే ఉలిక్కిపడింది. మందను తోలి తోలి, ఏదైనా వెనకబడితే కాళ్ళు వాటంతటవే ఆగుతాయని, ఇప్పుడూ అలాగే ఆగాయని చెప్పింది. నేను అలవాటు మనిషిని ఎలా మోసం చేస్తుందో వివరించాను. ఆమె విన్నది. మళ్ళీ ఆగింది.

మధ్యాహ్నం దాటాక బస్సు కోసం తిరిగి బయలుదేరాం. పొద్దున లేని చౌకీ ఒకటి నయాపూల్ మొదట్లో, మూసి ఉన్న ఒక దుకాణంలో వెలిసింది. పక్కన లారీ నిలబడి ఉంది. లారీలో మనుషులు గొంతుక్కూర్చొని ఉన్నారు.

కొమురమ్మ భుజం మీది గొంగడి చూసి ఆపారు. ఏ జిల్లా అన్నారు. అబద్ధం ఆడకూడదన్నది నా నియమం. నల్గొండ అన్నాను.

అక్కడి అధికారి ఒక జమేదారు, వేరే రాష్ట్రం వాడు, తెలుగు రాదు. మన భాష మాట్లాడే జవాను ఒకడు అతనికి దుబాసి. సంఘం వాళ్ళు మొగుడూ పెళ్ళాల వేషంలో తిరుగుతున్నారని జమేదారు వాదన. అది పూర్తిగా తప్పు కూడా కాదు, అలా తిరిగినవాళ్ళను నేనెరుగుదును. మీరిద్దరూ అలాంటివాళ్ళు కాదని నమ్మకమేమిటి అన్నాడు. పరీక్ష అతనే చెప్పాడు. నేను నా పేరు చెప్పాలి. ఆమెను లోపలికి తీసుకుపోయి మొగుని పేరు అడుగుతారు. రెండూ కలిస్తే వెళ్ళొచ్చు. కలవకపోతే నేను లారీ ఎక్కాలి.

మా పక్క ఊరి వాళ్ళిద్దరు అలాంటి లారీ ఎక్కారు. వాళ్ళు ఎక్కడున్నారో వాళ్ళ ఇంటివాళ్ళకు నేటికీ తెలియదు.

పరీక్ష న్యాయంగానే ఉందనిపించి, ప్రభాకర్ అని చెప్పాను. కొమురమ్మను లోపలికి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేశాక నాకు తట్టింది, ఆమె ఆ పేరు చెప్పదు. నాకు ప్రాణగండం ఉన్న చోట అసలే చెప్పదు. నన్ను కాపాడటానికే నోరు మూసుకుంటుంది, అదే నన్ను లారీ ఎక్కిస్తుంది.

మా ఆచారం అది అని ఉర్దూలో మొత్తుకున్నాను. జమేదారు వాకిట్లో ఆగి నవ్వాడు. మీకు చాలా అక్కరకొచ్చే ఆచారమే అన్నాడు. నన్ను లారీ చక్రం దగ్గర కూర్చోబెట్టారు. చర్చాసభలో నేను ఎన్ని గెలిచానో ఆ చక్రానికి తెలియదు.

లోపల జరిగింది కొమురమ్మ తర్వాత చెప్పింది. పేరు అడిగితే ఆమె కిటికీలోంచి పొద్దును చూపించింది. జమేదారు బిత్తరపోయాడు. మళ్ళీ అడిగితే పొద్దుకు దండం పెట్టి మళ్ళీ చూపించింది. దేవుణ్ణి అడగమంటున్నావా అని అతడు బల్ల చరిచాడు. ఆ అరుపులు నాకు బయటికి వినబడ్డాయి. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయాయి.

కాసేపటికి జమేదారు బయటికి వచ్చాడు. నా ముఖం చూడలేదు. వెళ్ళిపొమ్మని చేత్తో సైగ చేశాడు. వెనకే కొమురమ్మ తల నిమురుకుంటూ వచ్చింది. తెలుగు జవాను గొంగడి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మీ అమ్మకు దండం వెట్టాలె అయ్యా. గసొంటి నోరు నేనెక్కడ సూడలె."

మా అమ్మకా అని అడిగాను.

"మరెవరు? పొద్దుగాల మీరు వంతెన మీద నిలవడ్డప్పుడు ఎనుక నిలవడ్డది గాదా? నేను గప్పుడు గస్తీ తిరుగుకుంట సూసిన. ఇప్పుడు సక్కగ లోపటికొచ్చి జమేదార్ సాబును వట్టుకొని తిట్టవట్టె. ఆయనకు తెలుగు రాదాయె. నన్ను జెప్పుమంటడు. గా మాటలు నేనెట్ల జెప్పాలె?"

ఏమన్నదో ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. అతడు నవ్వు ఆపుకుంటూ చెప్పాడు:

"'అది నా కోడలు. మొగని పేరు జెప్పది. జెప్తె నేనే మూతి వగలగొడుదు. వాడు నా కొడుకు పెంటిగాడు. మాది కొత్తకోట దిక్కు. సదువుకొని చెడిపోయిండు గని దొంగ గాడు. నా కోడలును ఇడువుండ్రి.' గిట్లన్నది. కన్నతల్లే వచ్చి జెప్పినంక ఇంక పేర్లు కలిసేదేంది అన్నడు సాబు. కొత్తకోట అని నువ్వే ముందుగాల జెప్పొద్దా? నల్గొండ అంటివి. పాలమూరోళ్ళను మేమేం జేసుకుంటం?"

అన్న తర్వాత, నాకంటే ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, నన్ను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పెంటయ్య అని పేరు పెట్టారు. అలా పారేసిన బిడ్డను చావు కూడా ఏరుకోదని నమ్మకం. అది పాలమూరు జిల్లా కొత్తకోట దగ్గరి ఊళ్ళో. నాకు బుద్ధి తెలియకముందే నాయిన భూమి వెతుక్కుంటూ చిట్యాల వైపు వచ్చాడు. బడిలో పంతులు నా పేరు మార్చాడు. ఆ తర్వాత పాత పేరు అమ్మ నోట తప్ప ఎక్కడా వినబడలేదు, అదీ ఆమెకు కోపం నషాళానికి అంటినప్పుడే.

ఎటు పోయిందని అడిగాను. జవాను వంతెన వైపు చూపించాడు. పరుగెత్తాను. నయాపూల్ తిన్నగా ఉండే వంతెన, దాక్కునే చోటు లేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాను. గంపలెత్తుకున్నవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, కింద ఇసుకలో చాకలివాళ్ళ గాడిదలు. అంతే.

బస్సులో కొమురమ్మను ప్రశ్నించాను. సాక్షిని ఎలా ప్రశ్నించాలో అలాగే ప్రశ్నించాను. జమేదారు అరుస్తూ అరుస్తూ ఆగి వాకిలి వైపు చూశాడట. జవాను కూడా చూశాడట. తనూ చూసిందట, వాకిట్లో ఎవరూ లేరు. జవాను మాత్రం ఎవరికో 'ఆఁ అమ్మా, సరే అమ్మా' అంటున్నాడట.

"గప్పుడే నెత్తి మీద గట్టిగ మొట్టినట్టయింది. ఇగో, ఇంక నొస్తాంది," అంది.

ముడిచిన వేలి కణుపుతో నడినెత్తిన మొట్టడం మా అమ్మ అలవాటు. నేనూ అన్నా ఆ దెబ్బ తింటూనే పెరిగాం. పరాయి పిల్లలను ఆమె ఎన్నడూ మొట్టలేదు. మొట్టేది తనవాళ్ళనే.

కొమురమ్మకు ఈ సంగతి తెలియదు. నేను చెప్పినప్పుడు నడినెత్తిని మళ్ళీ తడిమి చూసుకుంది. తర్వాత కిటికీ వైపు తిరిగి, "ఆమె నన్నెన్నడు ముట్టుకోలె," అంది.

ఆ రోజు నుంచి నేను నాకు ప్రతిపక్షంగా నిలబడి వాదిస్తూనే ఉన్నాను. కొమురమ్మే పేరు చెప్పి, సిగ్గుపడి దాచిందా? లారీని చూశాక చెప్పేదాన్నైతే పొద్దును ఎందుకు చూపిస్తానని ఆమె అడిగింది. పైగా పెంటయ్య అన్న పేరు ఆమె మొదటిసారి విన్నది ఆ జవాను నోటనే. జవాను జాలిపడి కథ అల్లాడా? అల్లితే ఊరు సరిగ్గా కుదరవచ్చు, తిట్టు కూడా కుదరవచ్చు, పేరు ఎలా కుదురుతుంది? అతడు కొత్తకోట వైపు వాడై మా కుటుంబాన్ని ఎరిగి ఉంటాడా? ఇది నాకు అన్నిటికంటే బలమైన వాదంగా కనబడింది. కొన్నాళ్ళకు మళ్ళీ పట్నం వెళ్ళాను. చౌకీ ఎత్తేశారు. ఆ జవాను ఎవరో చెప్పగలిగినవాళ్ళు దొరకలేదు. మా అన్నను అడిగితే, నా చిన్నప్పటి పేరు అతనికే జ్ఞాపకం లేదు. ఇంకెవరో ముసలామె పొరపాటున మమ్మల్ని తనవాళ్ళనుకుందా? హోటల్లో, గాజుల దుకాణంలో, చౌకీలో, ఒకే ముసలామె, నాకూ కొమురమ్మకూ తప్ప అందరికీ కనబడేలా?

దయ్యమని నేను ఒప్పుకోను. ఆ మాటకు అర్థమేమిటో చెప్పగలిగినవాడే ఆ మాట వాడాలి. నాకు తెలిసినది ఒక్కటే, ఇంతకంటే ముందుకు నా తర్కం పోదు: ప్రాణం ఉన్నంతవరకు కోడలన్న మాట అననని మా అమ్మ అన్నది, అనలేదు. మాట తప్పలేదు.

కొమురమ్మ ఇప్పటికీ నా పేరు పలకదు. ఆ వాదం కొనసాగుతోంది. కాని గాజుల కోసం మళ్ళీ పట్నం పోదామంటే వద్దంటుంది, అత్త ఇయ్యాల్సింది ఇచ్చింది అని నడినెత్తి చూపిస్తుంది.

ఇది చదివినవారికి నా విన్నపం ఒక్కటే. నా అనుభవాన్ని నమ్మమని అడగడం లేదు, కొట్టిపారేయండి. కాని మీ ఇంట్లో పంతానికో, కులానికో, ఆచారానికో లోబడి మీరు పిలవకుండా ఆపుకున్న మనిషి ఎవరైనా ఉంటే, ఇవాళే లేచి వెళ్ళి, ఆ వరసతో, ఆ పేరుతో పిలవండి. ఊపిరి ఉండగానే పిలవండి.